పదేండ్లకే తేల్చే బడి

నంద్యాలలో మా ఇంటి కింది వాటాను పోయిన వానాకాలంలో అద్దెకిచ్చాను. మందుల దుకాణం అన్నారు. తీరా చూస్తే జిమ్ము పెట్టారు. అప్పటినుంచి నాకు కంటిమీద కునుకు లేదు. తెల్లవారకముందే పాటలు మొదలవుతాయి. ఇనుప దిమ్మెలు నేలమీద వదిలినప్పుడల్లా నా వంటింట్లో గిన్నెలు ఒకదానికొకటి తగులుకుంటాయి. మొన్న పాలు కాగుతుండగా కింద ఎవడో ఎత్తలేనంత బరువెత్తి వదిలేశాడు. గిన్నె పొయ్యిమీద జరిగి పాలన్నీ గట్టుమీద పొంగిపోయాయి. నాకు మండి, చేతిలో గరిటెతోనే కిందికి దిగాను.

"ఏందప్పా ఇది? పైన మనుషులుండారనేది మీకు యాదికుందా లేదా?"

ఆ జిమ్ము నడిపే పిల్లవాడు మంచివాడే. చెవిలో దూర్చుకున్నది తీసి, "పెద్దమ్మా, ఇది జిమ్నేషియం. ఇట్లనే ఉంటాది" అన్నాడు.

"జిమ్నేషియం అంటే లాటిను చెప్పే బడి, నాయనా" అన్నాను.

వాడు నన్ను జాలిగా చూశాడు. "ఒరే, పెద్దమ్మకు కుర్చీ ఎయ్యి" అని ఎవరికో సైగ చేశాడు. ముసలిదానికి మతి తప్పిందనుకున్నాడు కాబోలు. నేను కూర్చోలేదు. మెట్లెక్కి వచ్చి పొయ్యి గట్టు తుడుచుకుంటూ చాలాసేపు నాలో నేనే గొణుక్కున్నాను. వాణ్ణని మాత్రం లాభమేముంది? ఒకప్పుడు ఆళ్ళగడ్డలో మా హైస్కూలు మొత్తం ఇదే పొరపాటు చేసింది.

అప్పుడు నేను తొమ్మిదో తరగతి. చలికాలం. మా ఊళ్ళో ఆ కాలానికి రెండు గుర్తులు. బజారు వెంబడి బొమ్మలు చెక్కేవాళ్ళ ఉలి చప్పుడు పొద్దునే చలిగాలిలో మరీ గట్టిగా వినబడేది. మిద్దె ఎక్కితే చేలవైపునుంచి పసుపు కొమ్ములు ఉడికే వాసన వచ్చేది. మట్టీ పొగా కలిసిన వాసన అది. ఇంటికొచ్చిన మనుషుల బట్టలకు, చివరికి మజ్జిగకు కూడా పట్టేది.

ఒకరోజు ప్రార్థన అయ్యాక హెడ్మాస్టరు గొంతు సవరించుకుని చెప్పాడు. జర్మనీ దేశంలో వందల ఏళ్ళ పేరున్న ఒక జిమ్నేషియం నుంచి ఒక టీచరమ్మ వస్తోందట. మన దేశపు బళ్ళు చూడాలని ఏడాది సెలవు పెట్టి బయలుదేరిందట. ఈ చలికాలమంతా మన బళ్ళోనే ఉంటుందట. ఆయన నిఘంటువు కూడా తీసి చూశాడు. జిమ్నేషియం అంటే వ్యాయామశాల అని అందులో స్పష్టంగా ఉంది. ఇంకేం కావాలి? డ్రిల్లు సారును పిలిపించాడు.

మా డ్రిల్లు సారుది మిడుతూరు. సన్నటి మనిషి. కాన్వాసు బూట్లకు సుద్దముక్క రుద్దుకుని తెల్లగా ఉంచుకునేవాడు. మెడలో ఈల ఉండేది గాని దాన్ని ఊదే అవకాశమే ఆయనకు దొరికేది కాదు. ఆయన పీరియడు వచ్చేసరికి లెక్కల సారు పోర్షను కాలేదని వచ్చి నిలబడేవాడు. మరోరోజు ఇంగ్లీషు సారు. మేము బెంచీల్లో మూలుగుతూ కూర్చుంటే, ఆయన స్టాఫు రూము కిటికీలోంచి ఖాళీ మైదానాన్ని చూస్తూ ఉండేవాడు.

అలాంటి మనిషికి ఒక్కసారిగా బడి మొత్తం చేతికొచ్చింది. లెక్కల సారు పీరియడే లాగి ఆయనకిచ్చారు. మగపిల్లలకు పిరమిడ్లు. ఆడపిల్లలకు లెజిములు. ఆ ఇనుప గొలుసుల గలగలకు ఊళ్ళో కుక్కలన్నీ బడి గోడ దగ్గరికి చేరేవి. పిరమిడ్డు పైన నిలబెట్టడానికి హైస్కూల్లో తేలికైనవాడు దొరక్క, పక్కన ఎలిమెంటరీ బళ్ళో అయిదో తరగతి చదివే మా తమ్ముణ్ణి అడిగి తీసుకున్నాడు. వాడికి పదేళ్ళు. చదువు అస్సలు అంటేది కాదు. కూడికలు వేళ్ళమీద చేసేవాడు, అదీ తప్పుగా. జెండా పట్టుకుని నలుగురి భుజాల మీద నిలబడటం మాత్రం వాడికి తల్లి ఒళ్ళో కూర్చున్నట్టుండేది.

మా జేజి, అంటే నాయన తల్లి, రోజూ పొద్దునే నానబెట్టిన శనగలు, బెల్లం మా ఇద్దరి చేతుల్లో పోసేది. "ఆ జర్మనీ ఆమె ముందర కిందబడితిరో, ఇంటికి రావద్దండి" అనేది.

ఆమె వచ్చే రోజు మమ్మల్ని ఎండలో నిలబెట్టారు. నంద్యాల బస్సు గేటు ముందు ఆగుతుందని ఏర్పాటు. బస్సు హారను వినబడగానే సారు ఈల ఊదేవాడు, పిరమిడ్డు లేచేది. బస్సులోంచి గడ్డిమోపుతో ఎవరో ముసలాయన దిగేవాడు. పిరమిడ్డు కూలబడేది. మళ్ళీ హారను, మళ్ళీ ఈల. మధ్యాహ్నం దాటేసరికి కింద మోసే పిల్లల మోకాళ్ళు వణుకుతున్నాయి. లెజిము గొలుసు నా చేతిని నాలుగుచోట్ల గీరింది. ఆఖరికి ఆమె దిగింది. పొడుగాటి మనిషి, నెరిసిన జుట్టు, మందం కళ్ళద్దాలు, భుజాన సంచి. గేటు దాటి తల ఎత్తి, పైన ఊగుతున్న మా తమ్ముణ్ణి చూసింది. సంచి అక్కడే పడేసి పరుగెత్తుకొచ్చింది.

"దయచేసి ఆ బాలుణ్ణి దించండి! దయచేసి!"

తెలుగే. పుస్తకంలోంచి తీసినట్టున్న తెలుగు. వాళ్ళ ఊళ్ళో చదువుకోవడానికి వెళ్ళిన ఒక తెలుగాయన దగ్గర నేర్చుకుందట. మేమంతా నోరు తెరిచి చూశాం. మా తమ్ముడు మాత్రం తనంతట తానే దూకేశాడు.

హెడ్మాస్టరు దండ వేసి, తమరు ఏ వ్యాయామంలో ప్రవీణులని వినయంగా అడిగాడు.

"వ్యాయామమా?" అంది ఆమె. "నేను లాటిను భాష, చరిత్ర బోధిస్తాను. మా దేశంలో జిమ్నేజియం అంటే పై చదువుల పాఠశాల."

ముందు లెక్కల సారు నవ్వాడు. ఆయన్ను చూసి ఇంగ్లీషు సారు, ఆయన్ను చూసి పిల్లలు. డ్రిల్లు సారు మెడలోంచి ఈల తీసి జేబులో పెట్టుకుని, కింద మోసిన పిల్లల మోకాళ్ళకు అంటిన మన్ను దులపసాగాడు. మర్నాటికల్లా ఆయన పీరియడు మళ్ళీ లెక్కల పాలైంది.

ఒంటరి ఆడమనిషికి ఊళ్ళో తగిన బస దొరకలేదు. మా నాయన బడి కమిటీలో ఉన్నాడు గనక ఆమెను మా మిద్దెమీది గదిలో పెట్టారు. పెట్టిన రోజునుంచి జేజికి పని రెట్టింపైంది. టీచరమ్మకు పెట్టింది తినడం రాదు, ప్రశ్నలు అడగడం వచ్చు. సంగటి ముద్ద ఎందుకు గుండ్రంగా చేస్తారు? ఊరిబిండిలో చింతపండు ముందా, శనగవిత్తనాలు ముందా? మరమరాలూ బియ్యమే కదా, ఉగ్గానిని అన్నమని ఎందుకనరు?

"అడిగేది ఆపితే కదమ్మా తినేది! సల్లారిపోతాండాది" అని జేజి నెత్తి కొట్టుకునేది.

ఒకరోజు ఆమె తమ దేశపు రొట్టె చేసి పెడతానని మా వంటింట్లో దిగింది. జొన్నపిండిని రాత్రంతా పులియబెట్టి, కుండలో పెట్టి, చుట్టూ నిప్పులు పోసింది. మర్నాడు కుండ పగలగొట్టాల్సి వచ్చింది. రొట్టె మాత్రం పగల్లేదు. మా కుక్క వాసన చూసి వెళ్ళిపోయింది. జేజి దాన్ని పశువుల కొట్టం తలుపుకు అడ్డం పెట్టింది. "మా తమ్ముడైతే చక్కగా చేసేవాడు" అంది టీచరమ్మ. అప్పుడు ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు.

మా తమ్ముడు ఆమెకు మన మాటలు నేర్పే బాధ్యత తీసుకున్నాడు. పెద్దవాళ్ళతో మర్యాదగా "గమ్మునుండప్పా" అనాలని చెప్పాడు. హెడ్మాస్టరు మా ఇంటికొచ్చి విద్య గురించి ఏకధాటిగా చెబుతుంటే, ఆమె చేతులు జోడించి, ఎంతో గౌరవంగా, "గమ్మునుండప్పా" అంది. ఆయన గమ్మునైపోయాడు. ఆ రోజు నాయన బెత్తం వెతికాడు గాని వాడు అప్పటికే చింతచెట్టు ఎక్కేశాడు.

సాయంత్రాలు మిద్దెమీద ఆమె తన బడి గురించి చెప్పేది. అది మొదట సన్యాసుల మఠంలో పుట్టిందట. ఆ రాతిమెట్లు పిల్లల కాళ్ళకు అరిగి నడుమ గుంటలు పడ్డాయట. వందల ఏళ్ళు మగపిల్లలకే. ఆమె చేరిన కాలానికి గుప్పెడుమంది ఆడపిల్లల్ని రానిచ్చారు. యుద్ధంలో బాంబు పడి సగం బడి కాలిపోయింది. యుద్ధం ముగిశాక ఆమె అక్కడికే టీచరుగా వెళ్ళింది. కిటికీలకు అద్దాలు లేవు, నేలమాళిగలో వంతులవారీగా పాఠాలు. పొయ్యిలో వేయడానికి పిల్లలంతా ఇంటినుంచి తలా ఒక బొగ్గుముక్క తేవాలి.

"బొగ్గు తేని పిల్లోళ్ళనేం చేసేటోళ్ళు?" అని జేజి అడిగింది.

"పొయ్యికి దగ్గరగా కూర్చోబెట్టేవాళ్ళం. ఇంట్లో బొగ్గు లేదంటే వాళ్ళకే ఎక్కువ చలి కదా."

జేజికి ఆమె మొదటిసారి నచ్చింది. ఇంకో గ్లాసు మజ్జిగ పోసింది. కాని ఆ బడికి ఎవరు పోతారని నాయన అడిగినప్పుడు వచ్చింది తంటా. నాలుగో తరగతి కాగానే, అంటే పదేళ్ళకు, ఎవరు పై చదువుకు పనికొస్తారో, ఎవరు చేతిపనికి పోవాలో తేల్చేస్తారని ఆమె చెప్పింది.

జేజి చేతిలో చెంబు ఠక్కున కింద పెట్టింది. "పదేండ్లకే తేలుస్తారా? పదేండ్లకు మావోనికి ముక్కు తుడుచుకునేది రాదు! ఎవరమ్మా తేల్చేది? దేవుడా?"

"ఉపాధ్యాయులు" అంది ఆమె, కొంచెం ఇబ్బందిగా.

నాయన చుట్ట కాలుస్తూ ఆలోచనలో పడ్డాడు. నాయన ఆలోచనలో పడ్డాడంటే ఇంట్లో ఎవరికో మూడిందన్నమాట. మర్నాడు పొద్దున అన్నం దగ్గర ప్రకటించాడు.

"జర్మనీ వాళ్ళు అన్ని మిషన్లు చేస్తాండారంటే ఊరికేనా? బేగా తేల్చుకుంటారు. మన వానికి చదువు రాదని నాకు తెల్సు, వాళ్ళ సారుకు తెల్సు, వానికీ తెల్సు. రేపట్నుంచి సేద్యంలోకి రానీ."

అమ్మ ఏడ్చింది. జేజి తిట్టింది. అన్నిటికన్నా నాకు ఒళ్ళు మండించింది మా తమ్ముడు. వాడు ఎగిరి గంతేశాడు! బండిమీద కూర్చుని, కాళ్ళు ఊపుతూ, బడికి పోయే నాకు చేయూపుతూ చేలకు పోయేవాడు. పసుపు ఉడికే పొయ్యి దగ్గర శనక్కాయలు కాల్చుకు తిని, మూతికి మసితో, పసుపుపచ్చటి అరికాళ్ళతో ఇంటికొచ్చేవాడు. వాడికోసం మేమంతా తలలు బాదుకుంటుంటే వాడు మహారాజులా గురకపెట్టి నిద్రపోయేవాడు.

టీచరమ్మ నన్ను వెంటబెట్టుకుని చేనికి వచ్చింది. పెద్ద కొప్పెరలో పసుపు కుతకుతలాడుతోంది. ఆ ఆవిరిలో కళ్ళద్దాలు తుడుచుకుంటూ నాయన ముందు నిలబడింది.

"మీరు తప్పు చేస్తున్నారు. దయచేసి అతన్ని బడికి పంపండి."

"నువ్వే చెప్తివి గదమ్మా, మీ కాడ మంచి పద్ధతని!"

"మంచి పద్ధతి అని చెప్పలేదు. పద్ధతి అని చెప్పాను."

తర్వాత తన తమ్ముడి సంగతి చెప్పింది. ఆ పిల్లవాడికి లెక్కలు నిదానంగా వచ్చేవట. పదేళ్ళకు పనికిరాడన్నారు. రొట్టెలు కాల్చే చోట పెట్టారు. ఈమె లాటిను చదువుకుంటుంటే, అతను తెల్లవారుజామునే లేచి ఆ బడికే రొట్టెలు మోసుకొచ్చేవాడు. మెట్లమీద అక్క ఎదురైతే ముఖం తిప్పుకునేవాడు. "మంచి రొట్టె చేసేవాడు. అతనికి ఆ పని ఇష్టమయ్యేదేమో కూడా. కాని ఎవరూ అతన్ని అడగలేదు. తర్వాత యుద్ధం వచ్చింది. వెళ్ళాడు. తిరిగి రాలేదు. మేము మాట్లాడుకోనేలేదు."

నాకు ఏడుపొచ్చింది. నాయన పొయ్యిలో కట్టె ఎగదోసి, "మావోనికి రొట్టెలు మోసే కర్మ లేదులేమ్మా. భూమి ఉండాది" అన్నాడు. బండకు చెప్పుకోవచ్చు, మా నాయనకు చెప్పలేం.

ఆ రోజునుంచి జేజి కొడుకుతో మాటలు మానేసింది. చెప్పాల్సింది ఎనుముకు చెప్పేది. "ఏమ్మే, అన్నం పెట్టినా, మీ దొరను తినమను" అని కొట్టంలోంచి కేకేసేది. ఎనుము నెమరేస్తూ చూసేది. నాయన విననట్టే వచ్చి తినేవాడు.

అప్పుడు వచ్చాడు డ్రిల్లు సారు. ఆయన్ను ఎవరూ పిలవలేదు. ఒక సాయంత్రం సైకిలు గోడకు ఆనించి, మా అరుగుమీద కూర్చుని, "పిల్లోణ్ణి పంపన్నా" అన్నాడు. అంతే. వాదన లేదు, ఉపన్యాసం లేదు. మజ్జిగ ఇస్తే తాగాడు, చీకటి పడ్డాక వెళ్ళాడు. మర్నాడు మళ్ళీ వచ్చాడు. "పిల్లోణ్ణి పంపన్నా." ఆ మర్నాడూ అంతే. నాయన పక్కవీధిలోంచి చుట్టుతిరిగి ఇంట్లోకి రావడం మొదలుపెట్టాడు. అయినా అరుగుమీద ఆ తెల్లబూట్లు కనబడుతూనే ఉండేవి.

చివరికి ఒక సాయంత్రం నాయనకు ఓపిక నశించింది. "ఏం సారూ, నీకేమన్నా పిచ్చా? ఈ ఊర్లో ఇంగెవుని కొడుకూ దొరకలేదా నీకు?"

"నేనూ పదేండ్లప్పుడు ఇట్లాంటోణ్ణే అన్నా. తరగతిలో యాడ కూచోబెట్టాల్నో తెలీక బయటికి తోలేటోళ్ళు. మా నాయన మాత్రం మాన్పించలా. చెడో మంచో, పోతాండు అన్నాడు."

"పోతే ఏమాయ? డ్రిల్లు సారైతివి!"

ఆ మాట అనేశాక నాయనకే తెలిసింది. జేజి వాకిట్లో ఊడుస్తున్నదల్లా నిలబడిపోయింది. టీచరమ్మ మెట్లమీద ఆగిపోయింది.

సారు గ్లాసులో మిగిలిన మజ్జిగ పూర్తిగా తాగాడు. గ్లాసు అరుగుమీద బోర్లించాడు.

"ఐతిని అన్నా. ఆ బళ్ళో ఇంగే సారును జూసినా పిల్లోళ్ళు తల దించుకుంటారు. నన్ను జూస్తే నగుతారు. నాకది సాలు" అని సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత నాయన అన్నం తినలేదు. జేజి ఎనుముకు కూడా ఏమీ చెప్పలేదు.

పొద్దున నాయన మా తమ్ముణ్ణి లేపి, తానే నీళ్ళు పోసి, చొక్కా తొడిగాడు. హమ్మయ్య అనుకున్నాం. ఇంతమంది ఇంత పాటుపడితే వాడేం చేశాడు? బండిచక్రం పట్టుకుని వేలాడాడు. "నేను పోను! నాకు సేద్యమే గావాల!" అని వీధి అదిరిపోయేలా అరిచాడు. జేజి నవ్వాలో చావాలో తెలియక కూలబడింది. నాయన వాణ్ణి మూటలా భుజాన వేసుకున్నాడు. నేను పుస్తకాలతో వెనక పరుగెత్తాను. బజారులో బొమ్మలు చెక్కేవాళ్ళు ఉలి ఆపి చూశారు.

"గమ్మునుండ్రా" అంటూ నాయన ఎలిమెంటరీ బడి దాటి, నేరుగా మైదానంలోకి నడిచాడు. డ్రిల్లు సారు ఒక్కడే సున్నంతో గీతలు గీస్తున్నాడు. నాయన వాణ్ణి ఆయన ముందు దించాడు.

"ఈన్ని యాడన్నా కూచోబెట్టు సారూ. నువ్వు యాడ కూచోబెట్టినా సరే."

మా నాయన జీవితంలో క్షమాపణ అనే మాటకు అంతకన్నా దగ్గరగా వెళ్ళిన సందర్భం నాకు తెలియదు. సారు తల ఊపి, సున్నం డబ్బా మా తమ్ముడి చేతికిచ్చాడు. వాడు ఏడుపు మధ్యలోనే గీత వంకరపోకుండా గీయడం మొదలుపెట్టాడు.

ఎండలు ముదిరాక టీచరమ్మ వెళ్ళిపోయింది. వెళ్ళేముందు ఒక వింత చేసింది. మా డ్రిల్లు పీరియడు వేళకు లెజిము పట్టుకుని మైదానంలో ఆడపిల్లల వరసలో నిలబడింది. ఆ రోజు పీరియడు అడగడానికి లెక్కల సారుకు నోరు రాలేదు. సారు ఈల ఊదాడు. ఆమె కుడి అంటే ఎడమకు తిరిగేది. సారు నవ్వలేదు. దగ్గరికొచ్చి, మణికట్టు ఎలా తిప్పాలో ఎంతో శ్రద్ధగా చూపించాడు. ఆమె చెమటలు కక్కుతూ నేర్చుకుంది.

అందరూ అనుకునేటట్టు మా తమ్ముడేమీ గొప్ప చదువరి కాలేదు. పదో తరగతితో కుస్తీపట్టి, మా ప్రాణాలు తోడి, ఎట్టకేలకు గట్టెక్కాడు. ఆర్టీసీలో కండక్టరై, శ్రీశైలం బస్సులమీద తిరిగి తిరిగి రిటైరయ్యాడు. ఎప్పుడు పట్టుకుందో గాని వాడికి చదివే జబ్బు పట్టుకుంది. రోజూ పేపరు మొదటి అక్షరం నుంచి టెండరు ప్రకటనల దాకా చదివి, నాకు ఫోను చేసి వినిపిస్తాడు. నాకూ పేపరొస్తుందిరా అంటే వినడు.

మా చిన్నాయన కూతురి మనవరాలు నర్సు పనికి జర్మనీ వెళ్ళింది. దాని ఆసుపత్రి టీచరమ్మ ఊరికి దగ్గరేనని తెలిసి, నా పోరు పడలేక ఒక సెలవురోజు ఆ బడికి పోయి ఫోన్లో చూపించింది. మఠం గోడ పక్కన అద్దాల భవనం కట్టారు. అరిగిన మెట్లమీద తలగుడ్డ కట్టుకున్న ఆడపిల్లలు, నల్లటి పిల్లలు, బంగారు జుట్టు పిల్లలు కలిసి దిగుతున్నారు. ఫోన్లన్నీ గుమ్మం దగ్గర పెట్టెలో వేయాలట. లాటినుకు ఇప్పుడు పెద్దగా పిల్లలు రావడం లేదట. టీచరమ్మ పోయి చాలాకాలమైందని, ఆమె దగ్గర చదువుకున్న ఒక పెద్దాయన చెప్పాడట.

"అది సరే, ఇంకా పదేండ్లకే తేలుస్తాండారా?" అని అడిగాను.

"ఆ అవ్వా. తర్వాత మారొచ్చంట గానీ, కష్టమంట."

నాకు ఒళ్ళు మండిపోయింది. యుద్ధాలు చూశారు, బాంబులు చూశారు, అద్దాల మేడలు కట్టారు. ఈ ఒక్కటి మాత్రం వదలరా? ఆ కోపంలోనే తమ్ముడికి ఫోను చేసి అంతా చెప్పాను. అవతల వాడు పేపరు మడిచిన చప్పుడైంది.

"ఆ సారు బతికుంటే, ఆ జర్మనీకి గూడా పోయి అరుగుమీద కూచునేటోడు గదక్కా" అన్నాడు.

తర్వాత మళ్ళీ పేపరు విప్పి, ఆత్మకూరు రోడ్డు మరమ్మతుల టెండరు గురించి చదవడం మొదలుపెట్టాడు. నేను ఫోను పెట్టేయలేదు.